నూనెలో ముఖం

“వీణ్ణి చూశాక ఆయనకేమన్నా అయితే, అమ్మా?”

ఆటో మాదాపూర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ప్రవీణ ఆ మాట అంది. నెలన్నర టీకా నొప్పికి ఏడ్చి ఏడ్చి బాబు ఆమె ఒళ్ళో అప్పుడే నిద్రపోయాడు. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంది.

“అంత భయమున్నదానివి ఎందుకే ఈ ప్రయాణం?” అంది తల్లి రత్నమాల. “బాబూ, ఆటో చందానగర్‌కి తిప్పు.”

“తిప్పకు అన్నా. రాయదుర్గమే పోనీ.”

టీకా వేయించాక నేరుగా ఇంటికే అనుకుంది రత్నమాల. ఆటో ఎక్కాక కూతురు మొగుడి ఆఫీసు పేరు చెప్పింది.

బాబుది మూలా నక్షత్రం, మొదటి పాదం. తండ్రికి గండం. శాంతి చేయించి, గిన్నెలో నూనె పోసి, అందులో బిడ్డ నీడ చూశాకే తండ్రి వాడి ముఖం చూడాలి. ఆపరేషను మత్తు దిగి “ఆయనేరీ?” అని ప్రవీణ అడగ్గానే తల్లి చెప్పిన మాట అది. రవికిరణ్ ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చాడట. పెద్దవాళ్ళు వెనక్కి పంపేశారట. బిడ్డ ఏడుపు కూడా తండ్రి చెవిన పడకూడదన్నారట పంతులుగారు. పిల్లాడు ఎప్పుడూ ఒళ్ళోనే ఉంటాడు కాబట్టి ఫోన్లు లేవు. మెసేజీలే.

ప్రవీణ అసలే భయస్తురాలు. గ్యాసు కట్టానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనిషి. మొగుడి ప్రాణానికి గండమంటే ఇంకేం ఎదురు చెబుతుంది? మొదట్లో, ఆయన ఆ వీధిన వస్తాడేమోనని కిటికీలు కూడా మూసి కూర్చునేది.

కానీ శాంతి వాయిదా పడుతూనే ఉంది. పీటల మీద కూర్చోవలసినవాడికి సెలవు దొరకడం లేదట. బారసాల లేదు. అత్తగారు మనవణ్ణి చూడ్డానికి రాలేదు. మరిది చైతన్య మాత్రం ఒకసారి గుండుతో వచ్చాడు. “తిరుపతి మొక్కు, వదినా” అని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

“నా మీద వాళ్ళకి మనసు విరిగిందమ్మా. గండం పిల్లాణ్ణి కన్నానని.”

“పిచ్చి మాటలు మాట్లాడకు.”

మల్లెపూలామె ఆటో దగ్గరకొచ్చింది. ప్రవీణ ఒక మూర కొని తల్లి వైపు జడ తిప్పింది.

“పెట్టమ్మా. ఆయనకి ఇష్టం.”

రత్నమాల చేతిలోంచి పిన్ను జారింది. తీసి మళ్ళీ పెట్టబోతే మళ్ళీ జారింది.

“అంత వణుకెందుకమ్మా? నీ అల్లుడు నిన్నేమీ అనడులే” అని ప్రవీణ నవ్వింది. పురుడొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

అద్దాల భవనం ముందు ఆటో దిగారు. ప్రవీణ బిడ్డ గుడ్డల సంచిలోంచి చిన్న స్టీలు గిన్నె, నువ్వుల నూనె సీసా తీసింది.

“ముందు నీడే చూస్తాడు. ఆ తర్వాతే ముఖం. శాంతి నెమ్మదిగా చేయించుకుందాం.”

“ఇంతమందిలోనా? నీకు మతి పోయిందే.”

“ఇంకో నెల ఇలాగే ఉంటే అప్పుడు పోతుంది.”

‘కింద ఉన్నాం. ఒక్క నిమిషం రండి’ అని మెసేజ్ పెట్టింది. జవాబు వెంటనే వచ్చింది. ‘మీటింగ్‌లో ఉన్నా. ఎండలో తిరగొద్దు. ఇంటికి వెళ్ళు.’

ప్రవీణ గేటు దగ్గరికి నడిచింది. “అన్నా, తొమ్మిదో అంతస్తులో రవికిరణ్ గారని ఉంటారు. భార్య వచ్చిందని చెప్పరా?”

సెక్యూరిటీ ఆయన కంప్యూటర్లో చూశాడు. ఇంకోసారి చూశాడు.

“గా పేరు ఇప్పుడు లేదమ్మా. పోయిన నెలనే తీసేసిండ్రు.”

“తీసేశారా? సరిగ్గా చూడండి. ఇప్పుడే మీటింగ్‌లో ఉన్నానని రాశారు.”

“మస్తు మందిని తీసేస్తుండ్రు గదమ్మా ఈ నడుమ. ఇంట్ల చెప్పనోళ్ళు శానామంది ఉంటరు.” ఆయన గొంతు తగ్గించాడు. “చిన్న పోరనితోని ఎండల ఏం నిలబడ్తవ్. జర నీడకు పో తల్లీ.”

ప్రవీణ మెట్ల దాకా వచ్చి కూలబడింది.

“ఉద్యోగం పోయిందమ్మా. అందుకే ముఖం చాటేశాడు. గండమంటే ఇదేనేమో. వీడు కడుపులోంచి వస్తూనే తండ్రి అన్నం లాగేశాడు.”

“పసివాణ్ణి అనకే!”

“పోతే పోనీ. నేను నాలుగిళ్ళలో వంట చేసుకొస్తా. మనిషి ఉంటే చాలు కదా. ఏ హాస్టల్లో తలుపేసుకుని కూర్చున్నాడో! తిన్నాడో లేదో! ఏమన్నా చేసుకుంటాడేమో అమ్మా!” తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “మీ అందరికీ తెలుసు. చైతన్యకి తెలుసు, అత్తయ్యకి తెలుసు. ఆ రోజు గుమ్మం దాకా వచ్చి వెళ్ళాడన్నావే, అప్పుడు నీతో ఏమన్నాడు? వీణ్ణి చూపించమని అడగలేదా? కొంచెమైనా ఏడ్చాడా? చెప్పవేం?”

రత్నమాల కూతురి ఒళ్ళోంచి బాబును తీసుకుని గుండెకు అదుముకుంది. భోజనాల వేళ అయింది. మెడలో కార్డులు వేలాడుతూ, నవ్వుకుంటూ కుర్రాళ్ళు గుంపులుగా మెట్లు దిగుతున్నారు. ప్రవీణ ఒక్కొక్కరి ముఖమే వెతుకుతోంది. చివరి గుంపు కూడా రోడ్డు దాటింది. పైన మెట్రో రైలు వచ్చింది, వెళ్ళింది. బాబు కదిలి, మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు.

“అమ్మా, అడుగుతున్నానా?”

రత్నమాల కూతురి జడలోని మల్లెల్ని చూసి, నోరు తెరిచింది.

“ఆ మెసేజీలు పెట్టేది చైతన్యే. ఆ రోజు అల్లుడు ఆసుపత్రికి వస్తూ దారిలోనే పోయాడు తల్లీ.”