మూడో చిక్కు

ఆకుపచ్చ దీపం వెలిగింది. చిమూకా కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“అయిపోయింది సార్. వైరు తప్పు చోట పెట్టి ఉంది, అడ్రసు తప్పు రాసి ఉంది. రెండూ సరిచేశాను. మెషీన్ నెట్‌వర్క్‌లోకి వచ్చింది.”

సియామే గడియారం చూసుకున్నాడు. లుసాకాలోని ఆ ఇంటర్నెట్ సంస్థలో సర్వర్ల విభాగానికి ఆయనే పెద్ద. ఉన్నది ఒక్క ఉద్యోగం. పరీక్షకి పిలిచినవాళ్ళలో మగపిల్లలంతా ముగించుకుని వరండాలో కూర్చున్నారు. వాళ్ళలో చిక్కు విప్పినవాడు ఒక్కడే, అదీ గడువు ముగిసే వేళకి. ఈ అమ్మాయికి ఇంకా బోలెడు సమయం మిగిలింది.

“పర్వాలేదే,” అన్నాడు సియామే.

అంతలోనే దీపం ఆరిపోయింది.

చిమూకా గబుక్కున ముందుకు వంగింది. అడ్రసు మళ్ళీ మొదటికొచ్చింది. సరిచేసింది. దీపం వెలిగింది. కాసేపు ఊరించి, మళ్ళీ ఆరింది.

“మెషీన్‌కి అమ్మాయంటే సిగ్గులా ఉంది,” అన్నాడు ముసోండా. సియామే తర్వాత ఆ విభాగంలో అతనే.

పక్కనే కూర్చున్న నమూకోలో నవ్వలేదు. ఆ విభాగంలో ఆమె ఒక్కతే ఆడ ఇంజనీరు. ఉద్యోగ ప్రకటనలో ‘మహిళలు కూడా దరఖాస్తు చేసుకోండి’ అన్న ఒక్క వాక్యం వేయించడానికి ఏడాదిపాటు సియామేతో పోట్లాడింది. ఆ వాక్యం చూసి చోమా నుంచి బస్సెక్కి వచ్చింది చిమూకా ఒక్కతే.

సియామే నమూకోలో వైపు ఒరిగి, గొంతు తగ్గించాడు. “చూశావుగా. నీ ముచ్చట తీర్చాను. ఈ పిల్ల పరీక్ష తప్పితే, ఆడవాళ్ళ దరఖాస్తులు ఇంక నా బల్ల మీదికి తేకు.”

నమూకోలో లేచి నిలబడింది.

“సార్, ఆ మెషీన్‌లో ఏదో తేడా ఉంది. ఇంకో మెషీన్ ఇద్దాం.”

“అదే మరి,” అన్నాడు ముసోండా. “ఆడపిల్ల కదా అని తేలికది ఇద్దాం. నువ్వు చేరినప్పుడూ ఇదే కదా జరిగింది?”

జరగలేదు. అందరికీ పెట్టిన పరీక్షే ఆమెకీ పెట్టారు. కానీ ఆ మాట మాత్రం వదల్లేదు. చచ్చిన సర్వర్లని ఎన్నిసార్లు బతికించినా, సగం నగరానికి నెట్ తిరిగి తెప్పించినా, టీ గదిలో ఎవరో ఒకరు అననే అంటారు: ‘నీకు తేలిక పరీక్ష పెట్టారటగా.’ నవ్వుతూనే అంటారు. ఆమె కూడా నవ్వడం నేర్చుకుంది.

“మార్చొద్దు మేడమ్,” అంది చిమూకా, తెర మీంచి చూపు తిప్పకుండానే. “నాకు ఇదే ఉండనివ్వండి.”

నమూకోలో కూర్చుంది.

చిమూకా ఇప్పుడు మీటలు ముట్టుకోవడం మానేసింది. ఊరికే చూస్తోంది. గడువు కరిగిపోతోంది.

“నిద్రొస్తోందా అమ్మాయ్?” అన్నాడు సియామే.

“లేదు సార్. నేను రాసిందాన్ని ఎవరో చెరిపేస్తున్నారు. ఎవరో చూద్దామని.”

“దయ్యమేమో,” అన్నాడు ముసోండా.

“దయ్యమైతే ఇంత వేళపట్టున రాదు సార్.”

ఉన్నట్టుండి ఆమె వేళ్ళు కదిలాయి. తెర మీద వరుసలు పరుగెత్తాయి. ఒకచోట ఆగి, చదివి, ఒక్కటి కొట్టేసింది. అడ్రసు సరిచేసింది. దీపం వెలిగింది.

అందరూ దీపం ఎప్పుడు ఆరుతుందా అని చూశారు. ఆరలేదు.

“చిక్కులు రెండు కాదు సార్, మూడు,” అంది చిమూకా. “మూడోది దాచిపెట్టిన చిన్న ప్రోగ్రాము. అప్పుడప్పుడూ నిద్రలేచి, తప్పు అడ్రసుని మళ్ళీ తెచ్చి రాస్తోంది. ఈ పొద్దునే పెట్టారు. మిగతావాళ్ళకి కూడా పెట్టారా?”

ముసోండా లేచి పక్క మెషీన్లు ఒక్కొక్కటే తెరిచి చూశాడు. తిరిగొచ్చేసరికి అతని మొహంలో నవ్వు లేదు.

“వాటిల్లో లేదు,” అన్నాడు నేల చూస్తూ.

పరీక్ష మెషీన్లు సిద్ధం చేయించింది సియామే. ముసోండా చూపు మెల్లగా ఆయన మీదికి మళ్ళింది. చిమూకా చూపు కూడా.

“నేను పెట్టలేదు,” అన్నాడు సియామే, ఎవరూ అడగకముందే. “రెండే పెట్టించాను. అందరికీ ఒకేలా.”

ఆయన నుదురు తుడుచుకుని లేచాడు. “ఉద్యోగం ఈ అమ్మాయిదే. సోమవారం చేరమనండి.” వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

గేటు బయట నమూకోలో నూనెలో వేయించిన వేడివేడి పిండి బోండాలు, వితుంబువా, కొని, ఆ పొట్లం చిమూకా ముందు పట్టింది. “తిను. పొద్దుట్నించీ ఏమీ తిని ఉండవు.”

చిమూకా పొట్లం అందుకుంది.

“ఆయన కింద పని చెయ్యాలంటే భయంగా ఉంది మేడమ్. ముక్కూ మొహం తెలియని దాన్ని, నామీద అంత కక్షేమిటి? నేను విప్పలేకపోయి ఉంటే?”

రోడ్డు మీద నీలం మినీబస్సు ఒకటి ఆగి, జనాన్ని దింపి, కదిలిపోయింది.

“విప్పలేకపోయి ఉంటే నిన్ను నేనే ముంచినట్టయ్యేది. పిలిపించింది నేను కదా,” అంది నమూకోలో. “కానీ విప్పావు. ఇంక టీ గదిలో ‘నీకు తేలిక పరీక్ష పెట్టారటగా’ అని ఎవరూ అనలేరు.”

“అననీ, అనకపోనీ. సోమవారం రాగానే ఆయన్నే అడుగుతాను, నాకొక్కదానికే ఎందుకు పెట్టారని.”

“ఆయన్ని అడక్కు.”

“ఎందుకు మేడమ్?”

నమూకోలో ఆ అమ్మాయి కళ్ళలోకి చూడలేక, తల వంచుకుంది.

“పెట్టింది నేను.”