అసలు తండ్రి

వెల్దుర్తి సంతలో అందరూ ముచ్చటపడిన గొర్రెపిల్లకు తండ్రి నా పొట్టేలా, మా పక్కింటి ఇన్నయ్య పొట్టేలా? రెండూ ఒకే మందలో మేశాయి మరి. ఓడినవాడు తన పొట్టేలును కోసి మా బజారంతటికీ కూర పెట్టాలని పందెం వేసుకున్నాం.

పిల్లదీ, రెండు పొట్టేళ్లదీ నెత్తురు పరీక్షకు పంపిన పశువుల డాక్టరు డీఎన్ఏ కాగితం తెచ్చి చదివాడు.

"తండ్రి ఇన్నయ్య పొట్టేలే."

"ఏంది బావా, మొహం అట్టా పెట్టావ్? కత్తి నన్ను నూరమంటావా?" అన్నాడు ఇన్నయ్య.

ఆదివారం నా పొట్టేలు ఉడికింది. ఇన్నయ్య మూడుసార్లు వేయించుకున్నాడు.

"చానా బాగుంది బావా! పిల్లల్ని పుట్టించడం చేతగాకపోయినా కూరకైనా పనికొచ్చింది."

బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంకేం చెయ్యను? నెత్తురు తీసిన రోజు డాక్టరు టీ తాగుతుంటే, నా పొట్టేలు మీద నాకే నమ్మకం లేక, రెండు పొట్టేళ్ల సీసాల మీది పేర్ల చీటీలు అటూ ఇటూ మార్చింది నేనే.

అసలు తండ్రి ఇన్నయ్య విస్తట్లోకి నాలుగోసారి వెళ్తున్నాడు.