ఆదివారానికి ఒక అంగీ

"ఈ కొలత నేను తియ్యను," అన్నాడు దర్జీ. మెడలోని టేపు తీసి మిషను మీద పడేశాడు.

కొట్టు గుమ్మంలో పాస్టరుగారు నిలబడి ఉన్నారు. ఆయన వెనక, మెట్టు కిందే ఆగిపోయి, లారీ డ్రైవరు. జైలు నుంచి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. చొక్కా భుజాల దగ్గర వదులై వేలాడుతోంది.

"ఆదివారం బాప్తిస్మం అన్నా," అన్నారు పాస్టరుగారు. "తీసుకునేవాళ్లందరికీ అంగీలు నువ్వేగా కుడతావు."

"కుడతాను. నా కొడుకును లారీ కింద పడేసినవాడికి కూడా కుట్టాలని సంఘంలో ఎప్పుడు తీర్మానించారు అయ్యగారూ? ఆ మీటింగుకు నన్ను పిలవలేదే."

కొట్టు వెనక భాగంలో చాప మీద కూర్చుని దర్జీ భార్య తెల్ల అంగీల అంచులు కుడుతోంది. మడతలో అక్కడక్కడా ఇనుప వాషర్లు పెట్టి కుట్టెయ్యాలి. లేకపోతే బాప్తిస్మం తొట్టె నీళ్లల్లో దిగగానే అంగీ గొడుగులా పైకి తేలిపోతుంది.

"లోపలికి రానివ్వండి," అంది ఆమె తలెత్తకుండా. "గుమ్మంలో నిలబెట్టి మాట్లాడితే వీధంతా వింటుంది."

"విననీ. వీధికి తెలియనిది మనింట్లో ఇంకేం మిగిలింది?"

అయినా పక్కకు జరిగాడు. పాస్టరుగారు లోపలికొచ్చారు. డ్రైవరు చెప్పులు బయటే విడిచి, గుడ్డలు కత్తిరించే బల్ల పక్కన, దేనికీ తగలకుండా ఒదిగి నిలబడ్డాడు.

"కొత్తది కుట్టకపోయినా ఫరవాలేదు. ఉన్నవాటిలో ఒకటి సరిపోతుందేమో చూడు," అన్నారు పాస్టరుగారు.

"సరిపోదు. వీడికి ఈ వాషర్లు ఏం ఆనతాయి? అంచుకు బండరాయి కట్టాలి."

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు మాత్రం, తనకు రావలసిందే వచ్చినట్టు తల దించుకున్నాడు.

"క్షమించమని నిన్ను అడగడానికి రాలేదన్నా. అది నీకూ ప్రభువుకూ మధ్య. ఆయనైతే ఇతన్ని క్షమించాడు."

"క్షమిస్తాడు, ఆయనకేం. ఆయన కొడుకు మూడోనాడు లేచాడు. నా కొడుకు లేవలేదు."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

దర్జీ తన మాటకు తానే జడిసినట్టు గొంతు తగ్గించి అన్నాడు.

"నాదొక అనుమానం అయ్యగారూ. తప్పయితే తప్పనండి. వీడు ఆదివారం నీళ్లల్లో మునిగి లేస్తాడు. నిత్యజీవం. సరే, సంతోషం. మరి మావాడి సంగతేంటి? చర్చికి రావడం మానేశాడు. పోయిన రోజు పొద్దున కూడా ప్రార్థనకు కూర్చోరా అంటే, 'నీ దేవుడు నీకుంటే చాలు నాన్నా, నాకొద్దు' అని బండి తీసుకుని వెళ్లిపోయాడు. తప్పయిందని అనుకోవడానికి వాడికి ఒక్క క్షణమైనా దొరకలేదు. గుద్దగానే ప్రాణం పోయిందని కోర్టులో వీడే చెప్పాడు. అంటే చంపినవాడేమో దేవుడి దగ్గర ఉంటాడు. చచ్చినవాడేమో..."

బల్ల మీది సుద్దముక్క తీసుకుని పొడి పొడిగా నలిపేశాడు.

"రేపు నేను పోతే పరలోకంలో వీడు ఎదురొస్తాడు. కొడుకు కనపడడు. అలాంటి చోట నేనేం చేసుకోను అయ్యగారూ? చెప్పండి."



"నాకు తెలియదన్నా," అన్నారు పాస్టరుగారు.

"ఇన్నాళ్లూ మీరు చెప్పిన ప్రసంగాలన్నిటిలోకీ నాకు బాగా అర్థమైంది ఇదే," అంది దర్జీ భార్య. ఆ మాటలో వెటకారం లేదు.

డ్రైవరు గుమ్మం వైపు తిరిగాడు. "అంగీ వద్దులెండి అయ్యా. మిమ్మల్ని ఇంత బాధపెట్టి నేను నీళ్లల్లో దిగలేను. వెళ్లొస్తాను."

అతను గుమ్మం దాకా వెళ్లాక ఆమె పిలిచింది.

"బాబూ, ఆగు. ఒక్కమాట చెప్పి పో. మావాడికి నొప్పి తెలిసిందా?"

"లేదమ్మా. ఏమీ తెలియలేదు." జవాబు మరీ తొందరగా వచ్చింది.

ఆమె అంగీ పక్కన పెట్టి లేచి వచ్చింది. అతని ఎదురుగా నిలబడింది.

"నా మొహం చూసి చెప్పు."

అతను చూడలేకపోయాడు. తలుపు చెక్క పట్టుకుని, మెల్లగా అక్కడే చతికిలబడ్డాడు.

"కోర్టులో నేను చెప్పింది అబద్ధమమ్మా. తమ్ముడు వెంటనే పోలేదు. ఆంబులెన్సు వచ్చేలోగా పోయాడు. అంతసేపూ తల నా ఒళ్లోనే ఉంది. రోడ్డు మీద ఇంకెవరూ లేరు. అలా బాధపడి పోయాడని తెలిస్తే కన్నవాళ్లు తట్టుకోలేరనుకున్నాను. మీకు నేను చెయ్యగలిగిన మేలు ఆ ఒక్క అబద్ధమే అనుకున్నాను."

దర్జీ చేత్తో వెనక స్టూలు తడుముకుని కూర్చున్నాడు.

"ఏమన్నా అన్నాడా?" అంది ఆమె.

"నీళ్లడిగాడమ్మా. పోశాను, గొంతు దిగలేదు. తర్వాత కళ్లు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు, నాకు వినపడలేదు. నేను భయంతో బావురుమంటుంటే కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకున్నాడు. 'ఏడవకు అన్నా,' అన్నాడు. 'మా నాన్న నమ్ముకున్న దేవుడు నిన్ను కూడా క్షమిస్తాడు. ఇప్పుడే నన్ను క్షమించాడు.'"