చీమలు నాటిన పూలు

"ఇదీ కాదు," అంది పెద్దావిడ.

గైడుకి ప్రాణం ఉసూరుమంది. పొద్దుటి నుంచి అడవిలో ఇది నాలుగో చోటు. అడుగు పెట్టడానికి సందు లేకుండా నీలిపూలు విరగబూసి ఉంటే, ఈవిడ కంటికి ఒక్కటీ ఆనడం లేదు.

"ఇంతకంటే బాగా ఎక్కడా పూయవమ్మా!"

"పూలకేం బాబూ, కళకళలాడుతున్నాయి. నేను వెతికేది మా అన్నయ్యకి చూపించాల్సిన చోటు. మంచం పట్టాడు. కళ్ళు మూసేలోగా ఒక్కసారి చూడాలంటాడు. వానల్లో రెండుసార్లు వచ్చాను, ఆనవాలే దొరకలేదు. మీ ఆఫీసు గోడమీద, పైనుంచి తీసిన ఫోటో చూశాక మళ్ళీ ఆశ పుట్టింది. అందులో..."

ఆవిడ మాట పూర్తికాకముందే గైడు అందుకున్నాడు. ఒకసారి మొదలుపెడితే అతన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

"వానల్లో ఏం కనిపిస్తాయమ్మా! చెట్లు చిగురించి నీడ కమ్మేలోగా, నేలకి ఎండ తగిలే ఈ రెండు వారాలే వీటి సందడి. అసలు వీటిని నాటేదెవరో తెలుసా? చీమలు! గింజకి అంటుకున్న కమ్మటి కండ కోసం మోసుకెళ్ళి, కండ తినేసి గింజ పారేస్తాయి. అది మొలిచి పూయడానికి ఏళ్ళు పడుతుంది. దాని గింజ ఇంకాస్త దూరం. అడవంతా ఇలా మెల్లమెల్లగా పాకినవే. నేల గట్టిపడ్డ చోటికైతే ఓ పట్టాన రావు."

ఆవిడ ఆగిపోయింది. "అలాంటి చోటుందా?"

"ఉంది గానీ మనకెందుకమ్మా? పూలమధ్య బట్టతలలా ఉంటుంది. ఆ ఫోటోని పాడుచేసిన మచ్చ అదే."

"అక్కడికే పద."

ఏం మనిషి రా బాబూ అనుకుంటూ తీసుకెళ్ళాడు. నీలిపూల మధ్య నలుచదరంగా బోసి నేల, దాన్ని ఆనుకుని చిన్నది ఇంకొకటి. గైడుకి తలకొట్టేసినట్టయింది.

"వచ్చేవారం ఇక్కడా విత్తనాలు చల్లేస్తామమ్మా."

ఆవిడ వినడం లేదు. చుట్టూ తిరిగి, ఒకవైపు ఆగి చెప్పులు విడిచింది. పైన కొమ్మ ఒక్కటీ లేకపోయినా తల వంచి లోపలికి అడుగుపెట్టింది. ఫోన్ తీసి, "అన్నయ్యా, దొరికింది. చూడు," అంది.

"కుడి మూల చూపించవే," అంది అవతలి గొంతు.

చూపించింది. ఇద్దరూ ఒకేసారి ఏడుస్తూ నవ్వారు.

"పూలు ఇటున్నాయమ్మా, ఫోన్ ఇటు తిప్పండి," అన్నాడు గైడు, ఉండబట్టలేక.

ఆవిడ బయటికొచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. "నీ రుణం తీర్చుకోలేను బాబూ. నువ్వు తీసుకురాకపోతే మా అన్నయ్య ఆ బెంగతోనే పోయేవాడు. ఇంకొక్క మేలు చెయ్యి. ఇక్కడ విత్తనాలు చల్లొద్దు."

"ఎందుకమ్మా?"

ఆవిడ వంగి, గీత గీసినట్టు పూలు ఆగిపోయిన అంచుని అరచేత్తో నిమిరింది.

"చీమలింకా మా ఇంటి గడప దాటలేదు."