గోదాములో ఘాట్‌రోడ్డు

శ్రీవిద్య గాలి అందక నోరు తెరిచింది. తెరమీద ఘాట్‌రోడ్డు ఇంకా పైకే పోతోంది.

పెడళ్లు కదలమని మొరాయిస్తున్నాయి. లాప్‌టాప్‌లో ఆమె బొమ్మ నత్తలా పాకుతోంది. పక్కనుంచి నీలం చొక్కా బొమ్మ ఒకటి అలవోకగా దాటిపోయింది. దాని తలమీద పేరు: యామిని, కడప.

మళ్లీ అదే చోట. మళ్లీ అదే యామిని.

కోయిలకుంట్లలో కేశవులు శెట్టి కిరాణా అంగడి వెనక గోదాము అది. బెల్లం దిమ్మెలకూ మిరపకాయల బస్తాలకూ మధ్య శ్రీవిద్య సైకిలు. వెనక చక్రం తీసేసి ఆ చోట ఓ మిషను బిగించారు. సాఫ్ట్‌వేరు తెరమీద ఏ దారి చూపిస్తే కాళ్లకు ఆ దారే తగులుతుంది. ఘాట్ వస్తే పెడళ్లు బిగుసుకుంటాయి, దిగుడు వస్తే వదులవుతాయి. ఎవరింట్లో వాళ్లుండి అందరూ ఒకే రోడ్డుమీద పందెం వేసుకోవచ్చు.

పుణెలో ఒక అకాడమీ ఈసారి అమ్మాయిలను అలాంటి పందెంలోనే ఎంచుకుంటోంది. ముందు వచ్చిన ముగ్గురికే చోటు. వచ్చే ఏడాదికి శ్రీవిద్యకు వయసు దాటిపోతుంది. ఆమెకు సైకిలు తప్ప ఇంకేదీ రాదు, ఇంకేదీ వద్దు. ఇది పోతే ఏం చేయాలో ఆలోచించడానికే భయపడుతోంది.

ఈ సరంజామా తెచ్చింది తండ్రి కేశవులే. అంగడి బిల్లులు కంప్యూటర్లో కొట్టే మనిషి కాబట్టి అన్నీ బిగించి సిద్ధం చేసిందీ ఆయనే. కాలేజీలో పరీక్ష రాసి శ్రీవిద్య ఇంటికొచ్చేసరికి ఆమె బొమ్మ తెరమీద సైకిలెక్కి కూర్చుని ఉంది. కూతురి మొహం చూసి ఆ పూట అంగడికొచ్చిన వాళ్లందరికీ ఆయన బెల్లం పంచాడు. అసలే చెయ్యి ధారాళం. కాటా మీద అంకె సరిగ్గా నిలిచినా ఆయన మనసు నిలవదు. పైన ఇంకో పిడికెడు కొసరు పడాల్సిందే. శెట్టి తూకంలో మోసముందని ఎవరైనా అంటే ఊరు ఆ అన్నవాణ్ణి చూసి నవ్వుతుంది.

శ్రీవిద్యకు అర్థం కానిది ఒక్కటే. నిరుడు ఓర్వకల్లు కొండల దగ్గర, నిజం రోడ్డుమీద, ఇదే యామినిని ఎత్తులోనే వెనక్కి నెట్టింది. తెరమీద మాత్రం చదునంతా ముందుండి, ఘాట్ రాగానే చతికిలబడుతోంది.

కోచ్ యేసుప్రసాద్ కర్నూలు నుంచి ఫోన్ చేశాడు.

"కాళ్లలో బలం తగ్గలేదు పాపా, అంకెలు చూస్తాండా గదా. ఘాట్‌లో పడిపోతాండావంటే అది ఒంటి బరువే. సాఫ్ట్‌వేరు దాన్ని కూడా లెక్కేస్తాది. రోంత తగ్గు."

ఆ రోజుతో అన్నం ఆగిపోయింది. జొన్నరొట్టెలో సగం, గ్లాసు మజ్జిగ. కొన్నాళ్లకు ఆ సగంలో సగం. వంటింట్లోంచి ఉగ్గాని వాసన వస్తే గోదాములోకి పోయి తలుపేసుకునేది. బస్తాలు తూచే కాటా ఎక్కి చూసుకునేది. అంకె దిగుతూనే ఉంది. తెరమీద బొమ్మ మాత్రం ఘాట్‌లో మునుపటికంటే చురుగ్గా ఎక్కిన పాపాన పోలేదు.

"అద్దంలో మొగం చూసుకుంటాండావా?" అంది తల్లి అలివేలమ్మ. "ఇట్లయితే సైకిలు ఉంటాది గానీ నువ్వుండవు."

"ఇంకొంచెం తగ్గితే చాలమ్మా. మీద కూచున్న మనిషి బరువు ఆ మిషనుకు తెలీకుండా ఉంటాదా?"

అలివేలమ్మ కంచం వెనక్కి తీసుకుని వంటింట్లోకి పోయింది.

పందెం ఆదివారం పొద్దున. కేశవులు అంగడి తెరవలేదు. తువ్వాలు భుజాన వేసుకుని కూతురి పక్కనే నిలబడ్డాడు. చదును రోడ్డంతా శ్రీవిద్యే ముందుంది. ఆయన గుప్పిళ్లు బిగించి చూశాడు.

ఘాట్ వచ్చింది.

పెడళ్లు బిగుసుకున్నాయి. యామిని దాటింది. ఇంకొకరు దాటారు. శ్రీవిద్య సీటు మీంచి లేచి తొక్కింది. కళ్లు బైర్లు కమ్మాయి. కన్నీళ్లో చెమటో తెలియనిది నోట్లోకి ఉప్పగా దిగింది. దేవుడా, ఈ ఒక్కసారి, అనుకుంది. ఆఖరి మలుపులో మూడో బొమ్మ కూడా పక్కకొచ్చింది. సైకిలు పొడవంత తేడాతో ముందుకుపోయింది.

నాలుగో స్థానం.

శ్రీవిద్య హ్యాండిల్ మీద తల వాల్చేసింది.

"అయిపాయ నాయనా," అంది. "కడుపు మాడ్చుకోని గూడా తొక్కితిని. ఇంకేం చేయాల్సింది నేను?"

కేశవులు కళ్లు కూడా తడిశాయి. కూతురి తల నిమురుతూ, తువ్వాలుతో మెల్లగా మొహం తుడిచాడు.

"ఓడితే ఓడినావులే తల్లీ. గెలిచినోళ్లు ఎట్ల గెలిచినారో మనకేం తెలుసు. మనం మాత్రం ధర్మంగా ఆడినాం," అన్నాడు. "మిషను బిగించిన పొద్దు కంప్యూటర్లో నీ ఒంటి బరువెంతో రాయమంటే, రేప్పొద్దున ఎవురూ మనల్ని వేలెత్తి చూపగూడదని, నేను ఆరు కిలోలు కొసరేసే రాసినా."