అయిదో పిన్ను

గడియారాలు బాగుచేసే అతనికి తాళంచెవి లేకుండా తాళాలు తీయడమంటే పిచ్చి. "దొంగవిద్య మీకెందుకండీ?" అని భార్య నెత్తీ నోరూ కొట్టుకున్నా వినడు. ఆ రాత్రి ఆమె నిద్రపోగానే చివరి గది తలుపు ముందు చతికిలబడ్డాడు. వాళ్ళు అద్దెకు దిగిన నాటినుంచీ ఆ గది మూసే ఉంది. దాని తాళంచెవి ఇంటి ఓనరు దగ్గర కూడా లేదు.

వంచిన రేకును తాళం కన్నంలో కింది అంచున పెట్టి, చిటికెనవేలితో పక్కకు నొక్కిపట్టాడు. మరీ గట్టిగా నొక్కడం అతనికున్న పాత జబ్బు. సన్న కొక్కెంతో లోపలి అయిదు పిన్నులూ ఒక్కొక్కటే పైకెత్తసాగాడు; అన్నీ లేస్తేనే తాళం తిరుగుతుంది. టిక్. టిక్. నాలుగు లేచాయి. అయిదోది మొరాయించింది. వేలు తిమ్మిరెక్కింది.

"కథ మళ్ళీ మొదటికొచ్చింది" అని గొణుక్కుంటూ కొక్కెం బయటికి లాగి, రేకు కూడా వదిలేశాడు.

రేకు వదిలితే లేచిన పిన్నులన్నీ టపటపా కింద పడాలి. చప్పుడే లేదు.

తలుపుకి చెవి ఆనించాడు. నిశ్శబ్దం. రేకు మాత్రం వాలిపోలేదు. ఎవరో పట్టుకున్నట్టు పక్కకు నొక్కుకునే ఉంది. ఎంత మెత్తగా నొక్కాలో అంతే మెత్తగా, అతనికి ఏనాడూ చేతకానంత ఒడుపుగా.

"ఏమోయ్, నిద్రపోయావా?" అని భార్యను పిలవబోయాడు.

అయిదో పిన్ను టిక్కుమంది.

కొక్కెం ఇంకా అతని చేతిలోనే ఉంది.