పొద్దుటి మసక

“మళ్లీ మధ్యాహ్నమే వచ్చారా పెద్దాయనా?” డాక్టర్ లోహిత పెన్ను కింద పెట్టింది.

పెంచలయ్య తల వంచుకున్నాడు. నగరి నుంచి తిరుపతి కంటి ఆసుపత్రికి రావడం ఇది మూడోసారి. పొద్దున పూట తెగిన పోగు కనపడక మరమగ్గం పని పోయింది. మధ్యాహ్నానికేమో చూపు శుభ్రంగా ఉంటుంది. ఆపరేషన్ జరగకపోతే బతుకుతెరువు లేదు.

“పొద్దున్నే యాడ రాగలనమ్మా? లేస్తే అంతా పొగమంచే. బస్సు బోర్డు కూడా కనపడదు.”

“నేను కొలవాల్సింది అదే. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది. అందులో చేరే నీటిని దాని వెనక ఉన్న కణాలు తోడేస్తుంటాయి. ఆ పనికి కావలసిన శక్తిని అవే తయారుచేసుకోవాలి. మీ కణాల్లో ఆ శక్తి సన్నగిల్లింది.”

“కరెంటు డల్లయితే మోటరు మూలిగినట్టా?”

“అంతే. పగలు కళ్లు తెరిచి ఉంటారు కాబట్టి ఆ నీరు కొంత గాలికి ఆరుతుంది. నిద్రలో ఆరదు, పొర ఉబ్బుతుంది. ఆ ఉబ్బెంతో కొలవందే ఆపరేషన్ జాబితాలో పేరు రాయలేను. దానంగా వచ్చే కళ్లే తక్కువ. ఈ రాత్రి తిరుపతిలోనే పడుకొని, రేపు లేవగానే ఏడింటికల్లా రండి. చెయ్యి పట్టుకొని తెచ్చేవాళ్లున్నారా?”

“ఉండాడులేమ్మా, తమ్ముని కొడుకు.”

అసలు తమ్ముడే లేడు. నాకెవరూ లేరని నోటితో చెప్పాలంటే పెంచలయ్యకు చచ్చేంత సిగ్గు. భార్య పోయిన పదేళ్లలో ఆ మాట ఎవరి దగ్గరా అనలేదు.

మర్నాడు ఏడింటికి అందరికంటే ముందు ఆయనే ఉన్నాడు. లోహిత కొలిచింది. మళ్లీ కొలిచింది. నిన్న మధ్యాహ్నం కొలిచిన అంకెకూ దీనికీ తేడా లేదు.

“ఉబ్బే లేదు పెద్దాయనా. నేనేమని రాయను?”

“మిషను ఇంగొకసారి సూడమ్మా. దినామూ మసకే. నేను అబద్ధం చెప్పడంల్యా.”

లోహిత ఆయన ఎర్రబడ్డ కళ్లలోకి చూసింది. తలుపు వైపు చూసింది. తోడుగా ఎవరూ కనపడలేదు.

“రాత్రి ఎంతసేపు నిద్రపోయారు?”



“నిద్రపోతే ఈడికెట్లా వస్తానమ్మా? చెయ్యి పట్టుకోని పిలుచుకొచ్చేదానికి నాకెవరుండారు? తెల్లార్లూ బస్టాండులో కండ్లు మూయకుండా కూసున్నా.”